పత్రము లేని ఋణములు

వడ్డిని లెక్కించుటకు మన తెలుగువారి కొక కొలబద్ద పెద్దలనాటినుండి వచ్చుచున్నది. సాలునకు నూటికింత యని మన మనము. నెలకు నూటికి రూపాయి, రూపాయిన్నర, రెండు రూపాయలు అందుము. రూపాయి వడ్డి ధర్మవడ్డి. రెండు రూపాయలు అవసరమున కోర్చుకొనదగినది. మూడు రూపాయలన్నచో అడిగినవాడు లేచి వచ్చును. చదువు లేని యిల్లాలికి సైతము ఈ లెక్క కరతలామలకము: లక్షకు రెండు రూపాయలనగా నెలకు రెండు వేలు. ఇంత చక్కని కొలబద్ద చేతనుండగా నేటి విద్యావంతులైన గృహస్థులు దానిని ఒక్కచోట మాత్రము వాడుట మానిరి. క్రెడిట్ కార్డు బాకీపై నెలకు నూటికి మూడున్నర యని సన్నని యక్షరములలో వ్రాసియుండును. అది మూడున్నర రూపాయల వడ్డి. ఆ వడ్డిమీద మరల నూటికి 18 వంతున పన్ను. ఈ మాటయే యొక వడ్డివ్యాపారి మన గుమ్మమున నిలిచి చెప్పినచో తలుపు వేసికొందుము.

కార్డు బాకీలపై సాలునకు నూటికి 30కి మించి వడ్డి గొనుట అక్రమమైన వ్యాపారపద్ధతి యని జాతీయ వినియోగదారుల సంఘము 2008లో తీర్పు చెప్పెను. 2024 డిసెంబరు 20వ తేదీన సుప్రీముకోర్టు ఆ తీర్పును కొట్టివేసెను. వడ్డి సంగతి రిజర్వు బ్యాంకు చూచుకొనవలసినదనెను. కావున ఈ విషయమున గృహస్థునకు తన లెక్కయే రక్ష.

మేము అంబరుపేటలో, ఆరో నెంబరు బస్సు నిలుచు చోటికి కొంచెము లోపలగా, ఒక మేడమీది వాటాలో కాపురమున్నాము. మే మిద్దఱము, అమ్మ, పిల్ల లిద్దఱు: కంచములు అయిదు. మాలో నొకరు తార్నాకలో నొక ప్రైవేటు కళాశాలయందు పాఠములు చెప్పుదురు. ఇంకొకరు ఇంటివద్దనే పిల్లలకు చదువు చెప్పుదురు. అమ్మ మాలో నొకరికి తల్లి, ఒకరికి అత్తగారు. 2022లో ఆమెకు గుండెజబ్బు చేసి మూడు వారములు ఆసుపత్రిలో నుండవలసి వచ్చెను. ఆమె బ్రదికి యింటికి వచ్చినది. ఆమెతోపాటు 4,80,000 రూపాయల బాకీయు వచ్చినది. అందు బ్యాంకు ఋణము 3,00,000, సాలునకు నూటికి 14 వంతున, ఒక బంధువునకు నోటు వ్రాసి తెచ్చినది 1,00,000, రెండు రూపాయల వడ్డికి, కార్డుమీద 80,000. ఈ ఋణము చేసినందులకు మేము చింతింపలేదు, నేటికిని చింతింపము. తీర్చు విధమును గూర్చియే మా విచారమంతయు.

సాధారణముగ గృహస్థుని జమాఖర్చు బియ్యముతో మొదలగును. అద్దె, పాలు, కూరలు, బడిజీతము, ఇవన్నియు వ్రాసిన పిమ్మట మిగిలినది అప్పునకు. మేము మొదటి పుటలో వడ్డిని వ్రాసితిమి. బ్యాంకునకు నెలకు 3,500, బంధువునకు 2,000, కార్డునకు 2,800, దానిపై పన్ను 504. మొత్తము 8,804. ఆ నెలలో బియ్యము, పప్పులు, నూనె, చింతపండు మొదలుగా మా యింటికి వచ్చిన కిరాణా సరకు ఖరీదు 8,200. అయిదుగురము భుజించుచుండగా కనబడని ఆఱవవాడొకడు పంక్తిలో కూర్చుండి మా యందఱికంటె నెక్కువ తినుచుండెను. వానికి విస్తరి వేసినట్లే యెవరికిని తెలియదు. ఏలయన వాని భాగము వాయిదా సొమ్ములో కలిసిపోవును, వాయిదా కట్టినవానికి అప్పు తీర్చుచున్నానను తృప్తి కలుగును. కార్డువారు నెలకు 4,000 కట్టిన చాలునని దయతో వ్రాయుదురు. కట్టితిమి. అందు వడ్డియు పన్నును కలిసి 3,304 పోగా అసలులో తఱిగినది 696 రూపాయలు.

ఇట్టి ఏర్పాటు మనకు క్రొత్తది కాదు. తిరుమల శ్రీనివాసుడు తన పెండ్లికై కుబేరునివద్ద ఋణము చేసెననియు, కలియుగాంతమున అసలు తీర్చుటకును అంతవఱకు వడ్డి మాత్రము కట్టుటకును ఒడంబడెననియు కథ కదా. వడ్డికాసులవాడని ఆయనకు పేరు. మన యిండ్లలో పెండ్లికి అప్పు చేయువారందఱును ఈ కథను తలచి ధైర్యము తెచ్చుకొందురు. ఆయనకు వాయిదా యుగాంతము, హుండీ యున్నది, కుబేరుడు దేవతలలోని వాడు. మనకు వాయిదా ముప్పది దినములు. కథలో ఈ భేదమును చెప్పినవారు లేరు.

లెక్క తేలిన పిమ్మట వ్యయము తగ్గించు యోచన పుట్టెను. ఇచ్చటనే మేము చెప్పదలచిన ముఖ్యమైన సంగతి కలదు.

ఒక యింట పొదుపు మొదలైనదన్న నది యెక్కడ మొదలగును? ఎవరును ఆజ్ఞ యీయనక్కఱలేదు; దానంతట నదియే వంటింట మొదలగును. మా యింటను అట్లే మొదలయ్యెను. మొదటి నెలలో పాలు రెండు లీటర్లనుండి లీటరున్నరకు దిగినవి. తగ్గిన యరలీటరు ఎవరి భాగమని విచారించితిమి. పిల్లల గ్లాసులు నిండుగనే యున్నవి. మగవాని కాఫీ చిక్కగనే యున్నది. గృహిణి పెరుగు మజ్జిగయైనది, అమ్మ మజ్జిగ నీరైనది. పప్పు పలుచనైనప్పుడు గరిటె అడుగున గట్టిపప్పు ముందు తినువారికి వచ్చును. వెనుక తినువారికి కట్టు వచ్చును. మన యిండ్లలో వెనుక తినువా రెవరో చదువరులకు మేము చెప్పనేల?

కళాశాలకు పోవు దారిలో, విశ్వవిద్యాలయ ప్రాంగణమునకును తార్నాకకును నడుమ, జాతీయ పోషకాహార సంస్థ కలదు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా పుట్టి 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. దేశమున నెవరెవ రేమి తినుచున్నారో, ఏమి తినవలెనో తూచి చెప్పుట దాని పని. ఆ సంస్థ 2024లో వెలువరించిన సూచనలలో రోజుకు మనిషికి పప్పుదినుసులు 85 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు అని యున్నది. అయిదుగురికి 85 గ్రాముల వంతున నెలకు పండ్రెండు కిలోలు దాటును. మా కిరాణా చీటీలో నున్నది అయిదు కిలోలు. పొదుపునకు ముందే యున్న లెక్క యిది. పొదుపు పేర దానిని నాలుగు చేయబోవుచుంటిమి. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో పదునైదు మొదలు నలుబదితొమ్మిదేండ్ల వయసు గల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తము తక్కువ యని తేలినది. వారందఱును పేదయిండ్ల వారనుకొనుట పొరబాటు. నెల జీతము వచ్చు ఇండ్లలో, దేవుని గదిలో వెండి కుందు లున్న యిండ్లలో వారును కలరు.

అమ్మ సంగతి ఇంతకంటె గంభీరమైనది. ఆమె మాత్రల పెట్టె నెలాఖరున ఖాళీ కావలసినది; సగము నిండియుండెను. అడుగగా మొదట నేమియు చెప్పలేదు. పిదప మెల్లగా, "దినం విడిచి దినం వేసుకుంటున్నానమ్మా. ఒంట్లో బాగానే ఉందిగా. నా వల్ల వచ్చిన అప్పే కదా ఇదంతా" అనెను. ఏ ప్రాణము నిలుపుటకు 4,80,000 బాకీ చేసితిమో ఆ ప్రాణమే, ఆ బాకీ తీర్చుటకు, నెలకు నాలుగువందల రూపాయలు మిగుల్చుచున్నది.

ఇవియు ఋణములే యని మాకు అప్పుడు తోచెను. గృహిణి పెరుగు, అమ్మ మాత్ర, ఇంకను వెదకిన ఇట్టివి. బ్యాంకువాడు పత్రము వ్రాయించుకొనును, బంధువు నోటు వ్రాయించుకొనును, వీరు వ్రాయించుకొనరు. వడ్డి లేదు, వాయిదా లేదు, గుమ్మములో నిలిచి అడుగుట లేదు. అందుచేతనే ఇల్లు వీరివద్ద ముందుగా చేయి చాచును. బయటి అప్పు తగ్గినదని సంతోషించు నింట లోపలి అప్పు పెరుగుచుండవచ్చును. దానికి పద్దు లేదు కనుక నెవరికిని కనబడదు. మేము ఖాతాపుస్తకమున వేఱొక పుట తెఱచి "లోపలి బాకీలు" అని పేరు పెట్టితిమి. మొదటి పంక్తి పాలు: అరలీటరు, గృహిణికిని అమ్మకును, వెంటనే చెల్లు. రెండవ పంక్తి మాత్రలు. వైద్యుని యడిగి అదే మందును అసలు పేరుతో జనౌషధి దుకాణములో కొనుచున్నాము. 2008లో ప్రభుత్వము ఆరంభించిన దుకాణము లివి. ఖర్చు సగమునకు తగ్గినది, మాత్ర ఒకటియు తగ్గలేదు. పొదుపనదగినది ఇట్టిది.

మూడవ పంక్తి పనిమనిషిది. ఇరుగుపొరుగువారందఱును మాకు చెప్పిన సలహా యొక్కటే: పనిమనిషిని మాన్పింపుడు, నెలకు 2,500 మిగులును. మాటవరుసగా ఆమెతోనే అనగా, చేతిలోని గిన్నె క్రింద పెట్టి, "అమ్మా, మీ అప్పు తీరాలె అంటె నా పని తీసేస్తరా? మరి నా గిరిగిరి ఎవలు కడతరు?" అని యడిగెను. గిరిగిరి యనగా నేమో తెలియని చదువరులకు: దినవారీ అప్పు. ఆమె పదివేలకు కాగితముమీద వ్రేలిముద్ర వేసినది. చేతికి వచ్చినది తొమ్మిది వేలు. దినమునకు నూఱు రూపాయల వంతున నూఱు దినములు కట్టవలెను. వేయి రూపాయలే కదా వడ్డి యని తోచును. కాని మొదటి దినమునుండియే అసలు తిరిగి పోవుచుండుటచేత సగటున ఆమెవద్ద నుండునది సుమారు నాలుగున్నర వేలు. లెక్క వేయగా నెలకు ఆరున్నర రూపాయలు దాటెను. మూడున్నర రూపాయల వడ్డికి మేము గగ్గోలు పెట్టుచుండగా మా గిన్నెలు తోము నామె ఆరున్నర కట్టుచు నోరెత్తకయున్నది. ఆమెను మాన్పించిన మా 2,500 తఱుగుట నిజమే. ఆ భారము మా మేడ దిగి రెండు వీధుల యవతల నింకొక యింటిపై కూర్చుండును. ఆమెను మాన్పింపలేదు. ఆమె గిరిగిరిలో మిగిలిన నలుబది దినముల సొమ్ము, నాలుగువేలు, జీతములో బయానాగా నిచ్చి నెలకు అయిదువందల వంతున పట్టుకొంటిమి. ముందుగా తీర్చినందుకు వ్యాపారి పైసయు తగ్గింపలేదు. తీరిన నెల లోపలనే మఱియొక పదివేలకు ముద్ర వేయుమని ఇంటికి వచ్చెను. ఆమె వేయలేదు. మేము చేసినది ఘనకార్యమని చెప్పబోము. అప్పులో నున్నవారు సయితము చేయదగినంత చిన్నపని యది.

పాలు తగ్గింపరాదు, మందు తగ్గింపరాదు, మనిషిని తగ్గింపరాదు. ఇక తగ్గింపదగిన దేమున్నది? ఇందులకు మా ఫోనులే సాక్ష్యము చెప్పినవి. ఫోనుద్వారా చెల్లించిన ప్రతి రూపాయియు తేదీతో సహా అందు నిలిచియుండును. ఒక ఆదివారము మా అమ్మాయి ఏడాది చెల్లింపులను పుటలు పుటలుగా వ్రాసి కూడి యిచ్చెను. ఇంటికి తెప్పించుకొన్న ఫలహారములు మొదలైనవి అనుకొన్నంత లేవు. బంధుమిత్రుల పెండ్లిండ్లు, గృహప్రవేశములు, ఓణీల వేడుకలు, పుట్టినదినములు, వీనికి చదివించిన కట్నములు 26,000. ఆ వేడుకలకు కట్టుకొనిపోవుటకు కొన్న బట్టలు 18,000. మొత్తము 44,000. నెలకు మూడువేల ఆఱువందలు పైచిలుకు.

తార్నాక పేరునకు పెద్దలు ఒక వ్యుత్పత్తి చెప్పుదురు: తార్ అనగా తీగ, నాకా అనగా కాపలాచోటు, పూర్వ మచ్చట తీగకంచెతో నాకా యుండెడిదట. ఆ కంచె యిప్పుడు లేదు. మా జీతమునకు మాత్రము నాకా యుండెను: అందు బంధుమర్యాద నిలిచి సుంకము వసూలు చేయుచుండెను. అచ్చటనే కాపురమున్న మా బావగారి గృహప్రవేశమునకు ఆ యేడు అయిదువేల వెండిపళ్లెము బదులు ఒక మామిడి మొక్కయు అయిదువందల నూటపదాఱ్లును పట్టుకొనిపోయితిమి. అందఱును పోయిన పిదప ఆయన, "బావా, నీ ఇబ్బంది నాకు తెలుసు. కాని నలుగురిలో చెల్లెలి ముఖం చిన్నబోదూ? చెప్తే ఆ పళ్లెం నేనే కొని నీ చేతికిచ్చేవాణ్ణి" అనెను. ఆయన మంచివాడు, ప్రేమతోడనే అన్నమాట. ఆ మాటనుబట్టియే ఆ పళ్లెము పుచ్చుకొనువానికి సైతము అక్కఱలేనిదని స్పష్టమగుచున్నది. చెల్లెలి ముఖము చిన్నబోలేదు. ఆమె ఆయనతో, "అన్నయ్యా, మా ఇంట్లో పాలు మళ్ళీ రెండు లీటర్లయ్యాయి" అని మాత్రము చెప్పి చెప్పులు తొడిగికొనెను. ఆయనకు దాని యర్థము తెలిసియుండదు. మరుసటి యేడు ఈ పద్దు 11,000కు దిగెను. రెండు కుటుంబములు మాతో మాటలు తగ్గించినవి. ఒకటి మా దారి పట్టినది.

పెట్రోలు విషయము త్వరగా ముగించెదము. కళాశాలకు ఉదయము నడచియే పోవుట, సాయంకాలము బస్సున వచ్చుట అలవాటైనది. శివం రోడ్డు దాటి విశ్వవిద్యాలయ ప్రాంగణమున ప్రవేశించినచో చెట్లనీడ. 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల మెట్లముందుగా పోవుదుము. దానిని కట్టించిన ఉస్మాన్ అలీఖాన్ లోకములోకెల్ల ధనవంతుడని 1937లో టైము పత్రిక ముఖచిత్రముగ వేసెను. ఆయన పాత టోపీని విడువడనియు, చిన్న చిన్న వ్యయములకు వెనుదీయుననియు కథలు నేటికిని చెప్పుకొందురు. ధనవంతుని పొదుపు కథ యగును. మజ్జిగలో నీరు కలిపికొన్న స్త్రీల పొదుపును కథగా నెవరు చెప్పుకొనిరి? 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో సాధారణ బస్సులందు స్త్రీలకు టిక్కెట్టు లేకుండుటచే మా అమ్మాయి రాకపోకలకు నెలకు 900 మిగులుచున్నవి. ఈ సొమ్మును అప్పులో వేయుదమని మాలో నొకరనిరి. స్త్రీలకని వచ్చినది స్త్రీల కంచమునకే చేరవలెనని ఇంకొకరనిరి. రెండవవారి మాట నెగ్గినది. అది పప్పునకును గ్రుడ్లకును పోవుచున్నది.

ఇక కార్డు. మూడింటిలో మొదట తీర్పవలసినది అదియే. వడ్డి ఎక్కువ గలదానిని ముందు తీర్చుట లెక్కకు తగును. బంధువునకు ముందు తీర్చుట మర్యాదకు తగును. ఆయన వద్దకు పోయి లెక్క చూపి ఏడాది గడువు కోరితిమి, ఇచ్చెను. కార్డును ఒక్కపెట్టున మూయుటకు 80,000 కావలెను. అంత సొమ్ము మా యింట నొక్కచోటనే కలదు, గృహిణి చేతుల.

స్త్రీధనమును భర్త ముట్టదగిన సందర్భములు నాలుగని యాజ్ఞవల్క్యుడు చెప్పెను: కరవు, ధర్మకార్యము, వ్యాధి, నిర్బంధము. ఈ నాలుగింట తీసికొన్నదానిని తిరిగి ఈయ నక్కఱలేదని కూడ ఆ స్మృతి. మాది వ్యాధి, కావున శాస్త్రము మా పక్షమే. 1985లో సుప్రీముకోర్టు ప్రతిభారాణి వ్యాజ్యెములో స్త్రీధనము స్త్రీకే పూర్తిగా చెందునని, భర్తవద్ద నున్నను అది ఆయనది కాదని చెప్పెను. మేము స్మృతిని విడిచి తీర్పును పట్టుకొంటిమి. 2023 ఆషాఢములో గృహిణి తానై రెండు గాజులు తీసి యిచ్చెను, ఒక షరతుమీద: ఖాతాలో అప్పులవారి పట్టికయందు తన పేరు మొదట నుండవలెను. తాకట్టు వద్దనెను, ఒక వడ్డిని మాన్పి ఇంకొక వడ్డిని తెచ్చుట యేల యని. తులమున్నర, అనగా పదునైదు గ్రాముల గాజులకు 80,000 చేతికి వచ్చినవి. నాడే కార్డు మూసితిమి.

ఆలికి అప్పు వ్రాయు టేమి, ఇల్లా దుకాణమా యని పెద్దలు నవ్విరి. అమ్మ నవ్వలేదు. "రూపాయల్లో రాయకండి. బంగారం లెక్కన రాయండి" అనెను. తన గాజులు ఒకనాడు పొలము పన్నునకు పోయి రూపాయలలో తిరిగివచ్చినవనియు, ఆ రూపాయలకు అప్పుడు ఒక్క గాజు రాలేదనియు ఆమె చెప్పెను. అట్లే వ్రాసితిమి: గృహిణికి బాకీ, బంగారము పదునైదు గ్రాములు.

2025 ఏప్రిలులో పది గ్రాముల మేలిమి బంగారము లక్ష రూపాయలు దాటినప్పుడు అమ్మ మాట విలువ మాకు పూర్తిగ తెలిసినది. రూపాయలలో వ్రాసియుండినచో 80,000 చెల్లించి ఋణము తీరినదని సంతసించియుందుము; గాజులు మాత్రము తిరిగిరావు. అట్లని గాజులు విక్రయించుట నష్టము కాదు. ఆ 80,000 కార్డుమీదనే యుండినచో నెలకు 3,304 వంతున రెండేండ్లలో వడ్డియు పన్నును 79,296, వడ్డియే అసలంత. బంగారము ఆ వేగమున పెరుగలేదు. లాభము ఇంటికి కలిగినది. ధర పెరిగిన భారము గృహిణిపై పడరాదు, అంతియే.

కార్డునకు పోవుచున్న సొమ్మును, మర్యాదలో తగ్గించినదానిని కలిపి 2024 దసరానాటికి బంధువు నోటు చెల్లువేయించుకొని వచ్చితిమి. బ్యాంకు వాయిదాలు నడుచుచున్నవి. బంధువు ఋణము తీరిన నెలనుండి వీలైనప్పుడెల్ల ఒక గ్రాము వంతున కొని డబ్బాలో వేయుచున్నాము. ఇప్పటికి అయిదు. పద్దులో గృహిణి చేవ్రాలు అయిదుచోట్ల నున్నది. ఇంకను పది గ్రాములు మిగిలియున్నవి. ఈ నెల పిల్లవాని పరీక్షరుసుము వచ్చినది కనుక గ్రాము కొనలేకపోయితిమి. గడువు కోరగా అప్పులవారు ఒక నెల యిచ్చిరి.